చిన్నబోయిన అక్షరాలు

చిత్తూరు బెల్లం మండీలో
ముప్పై ఏళ్ల చిట్టాలన్నీ చెంగల్రాయుడి చేతిరాతే.
అచ్చుబెల్లం లాంటి అక్షరాలు,
గుండ్రంగా, బరువుగా,
తలకట్టు దగ్గర కూడా తొందరపడనివి.

ఆ ఏడు ఆడిట్ కోసం
పాతవీ కొత్తవీ పక్కపక్కన పరిచాను.
ఉగాదికి శనగగింజంత ఉన్న 'బ'
వినాయక చవితికి నువ్వుగింజ.
పంక్తి మొదట్లో మనిషి
చివరికొచ్చేసరికి చీమ.

"కాగితం ఆదా చేస్తున్నారా?" అని నవ్వాను.
ఆయనా నవ్వాడనుకున్నాను.
మొహం కదల్లేదని
ఇంటికెళ్లి చెప్పులు విడుస్తుంటే తట్టింది.

గడ్డ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని
ఇది యాదమరి చెరుకు, ఇది బంగారుపాళెం అనేవాడు.
రెండేళ్లుగా ఆ మాట లేదు.
"ఇప్పటి బెల్లంలో వాసన యాడుండాది నైనా, అంతా మందులే"
మేమూ ఔనన్నాం.
నేరం బెల్లం మీదికి పోయింది.

నడుస్తుంటే ఎడంచెయ్యి ఊగుతుంది.
కుడిచెయ్యి మాత్రం
లేని గొడుగును పట్టుకున్నట్టు
అట్లే ఉండిపోతుంది.

ఇవన్నీ నాకెందుకు కనబడ్డాయంటే,
అంతకు ముందు వేసవిలో
హమాలీ దొరవేలు
మూట దించి నీళ్లు అడగబోయి
'నీ' దగ్గరే ఆగిపోయాడు.
మూతి ఒక పక్కకి జారింది,
కుడిచెయ్యి తడిగుడ్డలా వేలాడింది.
మేం గుప్పిట్లో తాళాలు పెట్టాం,
ఉల్లిపాయ వాసన చూపించాం,
సోడా పట్టబోతే పెదవి చివరి నుంచి కారిపోయింది.
ఎండదెబ్బ, కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది
అన్నది నేనే.

లారీ లోడయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్తే
డాక్టరు ముందు అడిగింది ఒకటే.
"ఎన్ని గంటలకు మొదలైంది?"
గ్రాములు కూడా వదలకుండా రాసేవాళ్లం,
ఆ ఒక్క అంకె ఎవ్వరూ రాయలేదు.
దొరవేలు ఇప్పటికీ
ఎడంచేత్తో అన్నం కలుపుకుంటాడు.

అందుకే చెంగల్రాయుణ్ణి వదల్లేదు.
"వణుకు లేదు, నొప్పి లేదు, వయసుబ్బా" అన్నాడు.
చిట్టా చంకన పెట్టుకుని
ఆయన్ను వేలూరు బస్సెక్కించాను.

డాక్టరమ్మ పుస్తకం తిరగేసి
తెల్లకాగితం ఇచ్చింది.
"రోజూ రాసే మాటే పదిసార్లు రాయండి."
బెల్లం, బెల్లం, బెల్లం...
పదోది ఉందో లేదో
కళ్లజోడు సవరించుకుని చూశాం.

వేళ్లు తట్టించింది, నడిపించింది,
వెనక్కి తిప్పేటప్పుడు అడుగులు లెక్కపెట్టింది.
"ఇది చెదలు. నిదానంగా తింటుంది.
రోజు చూసుకుని రావచ్చు, రావడం మాత్రం మానొద్దు.
పిడుగు వేరే.
మూతి వంకరపోయినా, మాట ముద్దయినా,
చెయ్యి పట్టు తప్పినా,
పుట్టి ఎరగని తలనొప్పి ఉన్నట్టుండి పేలినా
తెల్లారనీ అనుకోవద్దు, 108కి చెయ్యండి.
పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే."

సందు చూసి నా తిమ్మిరి సంగతి అడిగాను.
"బాసింపట్టు వేస్తే నాకూ ఎక్కుతుంది.
లేచి నడిస్తే పోతే పోనివ్వండి.
పోకుండా పైకి పాకితే
అప్పుడు మీ చిట్టా తెచ్చుకోండి" అని నవ్వింది.

ఇప్పుడు మండీలో గోడగడియారం కింద
పురికొసకు సుద్దముక్క వేలాడుతుంది.
ఎందుకని కొత్త కూలీలు అడుగుతారు.
దొరవేలే చూపిస్తాడు,
మాట రాకపోయినా.

మాత్రలు వేళకు పడుతుండాయి.
చెంగల్రాయుడు నాలుగుగీతల కాపీ పుస్తకంలో
పొద్దున్నే రెండు పేజీలు దిద్దుతాడు.
అక్షరం గీతను తాకితే
పిల్లాడిలా నావైపు తిప్పుతాడు.

వాసన మాత్రం రాలేదు.
రాదేమోనంది డాక్టరమ్మ.
గడ్డ విరిచి నా ముక్కు దగ్గర పెట్టి
"చెప్పు నైనా, ఎట్లుండాది?" అంటాడు.
నాకు అంత చేతకాదు.
కొంచెం పొగ, కొంచెం పచ్చి చెరుకు,
తడి మట్టేమో అంటూ తడుముకుంటాను.

ఆయన రాసుకుంటాడు.